టిక్కుమనే దాకా వెనక్కి

మా మావయ్య ఫోటో స్టూడియోలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పనిచేశాను. ఆ ఐదేళ్లలో ఒక్క ఫోటో కూడా నా చేత్తో తీయలేదు. కెమెరాను స్టాండు మీదికెక్కించి బిగించడం, పనయ్యాక విప్పి పెట్టెలో సర్దడం, అదే నా ఉద్యోగం. జీతం లేదు. ఆదివారం మ్యాటినీకి డబ్బులిచ్చేవాడు.

1973లో మా ఊళ్లో ఐదో తరగతితో బడి అయిపోతే, అమ్మ నన్ను తెనాలిలో తన అన్నయ్య దగ్గర వదిలి వెళ్లింది. ఇల్లూ స్టూడియో ఒకటే. ముందు గది స్టూడియో, దాని వెనక డార్క్ రూము, ఆ వెనక వంటిల్లు. అత్తయ్య పోపు పెడితే ఆ ఘాటు డార్క్ రూములోకి వచ్చేది, హైపో మందు వాసన వంటింట్లోకి పోయేది. రైలు కట్ట దగ్గరే కావడంతో గూడ్సు వెళ్తుంటే గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. ఆ మోత మావయ్య పనికి ఎంత అడ్డమో అప్పట్లో నాకు తెలియదు.

స్టూడియోలో రెండు పెద్ద కెమెరాలుండేవి. ఒకటి వాగీశ్వరి. అలప్పుళలో కరుణాకరన్ అనే ఆయన 1940లలో మొదలుపెట్టి చేసిన కెమెరా అది. వాళ్లది వాద్యాలు బాగుచేసే కుటుంబం. హార్మోనియం తిత్తి మడతలు తెలిసిన చేతులు గనక చిరిగిపోయిన కెమెరా తిత్తిని బాగుచేయగలిగాయి, అక్కణ్ణుంచి కెమెరానే చేయగలిగాయి. ఈ సంగతి మావయ్య వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మన దేశంలో మన టేకుతో చేసిన కెమెరా అని ఆయనకు గొప్ప.

రెండోది ఇంగ్లండుది, ఫుల్ ప్లేటు. అంటే ఆరున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవున్న ప్లేటు పట్టేది. మద్రాసులో ఎవరో స్టూడియో మూసేస్తుంటే సెకండ్ హ్యాండులో కొన్నాడు. మహాగని చెక్క, మూలలకు ఇత్తడి బద్దలు, ఎర్రతోలు తిత్తి. లెన్సూ, ప్లేటు పెట్టే స్లైడూ కలిస్తే అయిదు కేజీల పైమాటే. గ్రూపు ఫోటోలన్నీ దాంతోనే. అప్పటికే గాజు ప్లేట్లు తగ్గిపోయి కట్ ఫిల్ము వచ్చేసింది. అయినా మా ఇంట్లో నోటికి 'ప్లేటు' అనే మాటే అలవాటు.

ఆ కెమెరాకూ స్టాండుకూ ఉన్న సంబంధం గురించే నేను రాయాలనుకున్నది.

ఇంగ్లండువాళ్లు ఆ కెమెరా అడుగుపలకలోనే ఒక ఇత్తడి చక్రం బిగించి పంపారు. చక్రానికి మూడు చోట్ల జంట చీలలుంటాయి. స్టాండుకు పై పలకంటూ విడిగా ఏమీ ఉండదు. ఒక్కో కాలుకూ పైన రెండు బద్దలుంటాయి. ఆ బద్దల కొసలను రెండు చేతులతో పక్కలకు లాగి, వాటి చిల్లులను చీలలకు తగిలించి వదిలితే, చెక్క తన బిగువుతో తనే పట్టుకుంటుంది. అలా మూడు కాళ్లూ నేరుగా కెమెరా పొట్టకే మొలిచినట్టుంటాయి. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు. కొత్తలో గట్టిగానే ఉండి ఉంటుంది. మా దగ్గరికొచ్చేసరికి చీలలు అరిగాయి, చిల్లులు సాగాయి, చక్రం లోపల ఆడుతోంది. లెన్సు మూత తీసేటప్పుడు చెయ్యి తగిలితే చాలు, కెమెరా తల ఊపేది.

మావయ్య దాన్ని ఒక వేసవిలో మార్పించాడు. నేను వచ్చిన మొదటి వేసవే అది. పేటలో మంచాలూ తలుపులూ చేసే ఆచారి గారు అంగుళం మందం టేకు ముక్కను గుండ్రంగా కోసి, మూడు కాళ్లకూ దానికీ ఇత్తడి మడతబందులు వేశాడు. ఆ పలక నడుమ నుంచి ఒక స్క్రూ పైకి రావాలి. కెమెరా అడుగున దాన్ని పట్టే ఇత్తడి బుష్షు కూర్చోవాలి. దానికి మావయ్య నన్ను సైకిలు వెనక కూచోబెట్టుకుని, బియ్యం మిల్లుల సామాను బాగుచేసే ఒక లేతు షాపుకు తీసుకెళ్లాడు.

లేతు మీద ఉన్నాయన గళ్ల లుంగీ, చేతులనిండా గ్రీజు. మావయ్య చేతిలోని వాగీశ్వరి స్టాండు స్క్రూ తీసుకుని గోరుతో మరలు లెక్కపెట్టాడు. "మూడు నూళ్ల బోల్టు, అంగుళానికి పదహారు మరలు. విట్‌వర్తు గదండీ, మా మిల్లు బోల్టులకీ ఇదే," అన్నాడు. అంగుళంలో ఎనిమిదో వంతు వాళ్ల లెక్కలో నూలు. మూడు నూళ్లంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. చిన్న కెమెరాలకు పావు అంగుళం స్క్రూ, దానికి అంగుళానికి ఇరవై మరలు. పెద్ద కెమెరాలకు ఈ మూడు నూళ్లది. ఇప్పటికీ ప్రపంచంలో ఏ దేశంలో చేసిన కెమెరా స్టాండయినా ఈ రెండు కొలతల్లో ఒకటే. ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బోల్టు మరలకు పెట్టిన కట్టుబాటు బియ్యం మిల్లులోనూ ఫోటో స్టూడియోలోనూ ఒక్కటే కావడం ఆ రోజు నాకు వింతగా అనిపించింది. ఆ వింత ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన ఇత్తడి కడ్డీని లేతుకు పట్టించి, మర కోసి, కింద పట్టు చిక్కడానికి చక్రంలా ఒక పెద్ద తల పెట్టాడు. పలక మీదికి స్క్రూ ఎంత పొడవు రావాలన్న దగ్గర మావయ్య గంటసేపు నిలబెట్టాడు. పొట్టిదైతే రెండు మరలే పట్టి, బరువుకు అరిగిపోతాయి. పొడుగుదైతే బుష్షు అడుగు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది కానీ కెమెరాకూ పలకకూ మధ్య సందు మిగిలిపోతుంది. మరీ బలంగా తిప్పితే అడుగుపలక చెక్కనే పైకి పొడిచేస్తుంది. చివరికి బుష్షు లోతు కంటే ఒక్క మర తక్కువగా కోయించాడు.

ఆ పలకను మావయ్య 'కుదురు' అనేవాడు. కుండకు కుదురెలాగో కెమెరాకిది అలాగ. కుదురు మీద గుండ్రంగా కత్తిరించిన తోలు అతికించాడు. అత్తయ్య పాత చెప్పుల తోలు అది. నున్నటి చెక్క మీద నున్నటి చెక్క ఎంత బిగించినా జారుతుందనీ, తోలు నొక్కుకుని పట్టు ఇస్తుందనీ చెప్పాడు. ఒక్క స్క్రూ మీద నిలబడే వస్తువుకు అసలు శత్రువు బరువు కాదు, మెలిక. అయిదు కేజీలు కిందికి దిగితే స్టాండు మోస్తుంది. తిత్తిని ముందుకు లాగినప్పుడు లెన్సు బరువు జానెడు దూరం వెళ్లి కూచుంటుంది. అప్పుడు కెమెరా స్క్రూ చుట్టూ తిరగాలని చూస్తుంది, ముందుకు వాలాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఆ తోలు ముక్కే.

ఇక బిగించే పద్ధతి. దీన్ని ఆయన నాతో ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు.

ముందు స్టాండు ఒక్కటే నిలబెట్టాలి. మూడు కాళ్లలో ఒకటి ముందుకు, సరిగ్గా లెన్సు కిందికి రావాలి. మిగతా రెండు వెనక, వాటి మధ్య ఫోటో తీసేవాడు నిలబడాలి. బరువు వాలేది ముందుకే గనక ముందు కాలు దాన్ని కాస్తుంది. మట్టి నేలైతే కాళ్ల కింది ఇనప ములుకులను కాలితో తొక్కి దించాలి. బడి వరండాలో నాపరాళ్లైతే కాళ్లు విచ్చుకుని జారతాయి. దానికి కొబ్బరి తాడు మూడు కాళ్లకూ చుట్టి నడుమ ముడివేయాలి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు, నాలుక్కాళ్ల కుర్చీ ఊగుతుంది. అందుకే స్టాండుకు మూడే కాళ్లు. "నాలుగోది ఉంటే దాని కింద అట్టముక్క పెట్టుకుంటూ కూచోవాలి అల్లుడూ," అనేవాడు.

ఆ తర్వాత కుదురు మీద రసమట్టం పెట్టి చూడాలి. తాపీమేస్త్రీ దగ్గర కొన్న చెక్క రసమట్టం అది. బుడగ నడిమికి వచ్చాకే కెమెరా ఎక్కించాలి. వంకరగా ఉన్న స్టాండు మీద కెమెరా ఎక్కించాక సరిచేద్దామనుకుంటే పడిపోతుంది.

కెమెరాను మూసి ఉన్నప్పుడే ఎక్కించాలి, తిత్తి లాగాక కాదు. ఎడమ చెయ్యి కెమెరా మీద నిండుగా ఆనించి నొక్కి పట్టుకోవాలి. కుడిచేత్తో కింద స్క్రూను ముందు వెనక్కి తిప్పాలి, వదులుచేసే వైపుకు. స్క్రూ మర మొదలు, బుష్షు మర మొదలు ఎదురైన చోట వేలికి సన్నగా తెలుస్తుంది, 'టిక్' అని. ఆ తర్వాతే ముందుకు తిప్పాలి. అప్పుడు స్క్రూ తనంత తాను వెన్నలో చెంచాలా లోపలికి పోతుంది. మొదటి రెండు చుట్లకే బలం పెట్టాల్సొచ్చిందంటే మర అడ్డంగా పడిందన్నమాట. విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఇత్తడి మెత్తన. అడ్డంగా పడ్డ మరను మొండికేసి తిప్పితే ఒక్కసారికే బుష్షు పాడైపోతుంది.

తిరగాల్సింది స్క్రూ, కెమెరా కాదు. బిగించాల్సింది వేళ్లతో, కటింగ్ ప్లయరుతో కాదు. బిగించాక కెమెరా ముందు పలకను రెండు వేళ్లతో పట్టి మెల్లిగా పక్కకు తిప్పి చూడాలి. కెమెరా ఒక్కటే కదిలితే తప్పు. స్టాండు కాళ్లతో సహా మొత్తం ఒక్క వస్తువులా కదలాలి. ఎండలో అరగంట నిలబెట్టాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి, చెక్కా తోలూ ఎండి పట్టు వదులుతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకో నాకు అర్థం కావడానికి నల్లగుడ్డలో దూరాల్సొచ్చింది. నిజాంపట్నం కాలవ గట్టున ఒక పెళ్లివారి గ్రూపు తీస్తున్నప్పుడు మావయ్య నన్ను గుడ్డ కిందికి రమ్మన్నాడు. వెనక గరుకు గాజు మీద కాలవ పైన పారుతోంది, కొబ్బరిచెట్లు కిందికి పెరుగుతున్నాయి. నేను బయట చూసినప్పుడు ఎడమకు వెళ్తున్న పడవ గాజు మీద కుడికి వెళ్తోంది. భూతద్దం పెట్టి చూస్తే పెళ్లికూతురి ముక్కుపుడక రాయి కూడా కనిపించింది. నేనింకా చూస్తుండగానే మావయ్య గాజు పలక తెరిచి ఆ చోట్లో స్లైడు తోశాడు. ఇక బొమ్మ కనిపించదు. ఫోకస్ చూసిన చోటే ప్లేటు కూచుంటుంది, ప్లేటు ఉండగా మనం చూడలేం. ఆ పైన లెన్సు మూయాలి, షట్టరు లాగి పెట్టాలి, స్లైడు ముందు రేకు తియ్యాలి. ప్రతి పనికీ కెమెరాకు ఒక కుదుపు. ఈ కుదుపుల్లో కెమెరా వెంట్రుకవాసి జరిగినా తీసేవాడికి తెలిసే దారి లేదు. రాత్రి డార్క్ రూములోనే తెలుస్తుంది. అప్పటికి పెళ్లివారు ఊరు దాటిపోయి ఉంటారు.

గుడ్డివాడిలా ఆ స్క్రూను నమ్మాలి. ఆ క్షణం తర్వాత ఆయన చేతుల్లో ఇంకేం లేదు.

నాటకాల వాళ్ల ఫోటోలకు ఇంకో చిక్కుండేది. తెనాలి నాటకాల ఊరు. రాత్రి ఆట అయ్యాక మేకప్పు తీయకుండానే స్టేజీ మీద గ్రూపు తీయమనేవారు. చెక్క స్టేజీ మీద స్టాండు పెడితే, ఎవరో సైడు వింగు దగ్గర నడిచినా పలకలు ఊగి ఆ ఊగు కెమెరాకు ఎక్కుతుంది. కెమెరా ఎంత బిగించినా కింద నేలే కదిలితే ఏం లాభం? అందుకని మావయ్య స్టాండును స్టేజీ ముందు మట్టిలో, కాళ్లు పూర్తిగా సాగదీసి పెట్టి, తను బల్ల మీద నిలబడి చూసేవాడు. అరసెకనో సెకనో మూత తీసి ఉంచాలి. ఆ సెకను కృష్ణుడూ సత్యభామా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. నేను కింద చతికిలబడి ముందు కాలును రెండు చేతులతో నేలకు నొక్కి పట్టుకునేవాణ్ణి. నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

1975 ఫిబ్రవరి. ఒక బడిలో పదో తరగతి గ్రూపు. అరవై మంది దాకా పిల్లలు, ముందు కుర్చీల్లో మాస్టర్లు. హెడ్మాస్టరు గారికి ఎక్కడికో వెళ్లే తొందర, పదేపదే గడియారం చూస్తున్నాడు. నేను స్క్రూ వెనక్కి తిప్పలేదు. నేరుగా ముందుకే తిప్పాను. రెండో చుట్టుకే గట్టిగా బిగిసింది. బిగిసింది కదా అని వదిలేశాను. ముందు పలక పట్టి చూడనూ లేదు. మావయ్య వరసలు సర్దుతూ నా వైపు చూసి "అయిందా?" అన్నాడు. "అయింది మావయ్యా," అన్నాను.

రాత్రి ఎర్రబల్బు కింద ట్రేలో ప్లేటు మీద బొమ్మ తేలుతుంటే మావయ్య ఏమీ అనలేదు. హైపోలో వేసి, కడిగి, లైటు వేసి, దానికి పట్టి చూపించాడు. కుడివైపు చివర ఇద్దరు పిల్లలు సగానికి తెగిపోయారు. మిగతా అందరి మొహాలకూ రెండేసి అంచులు. స్లైడు తోసినప్పుడు కెమెరా తిరిగింది, షట్టరు తెరిచినప్పుడు ఇంకా తిరుగుతూనే ఉంది. జాగ్రత్త కోసం తీసిన రెండో ప్లేటూ అంతే.

కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడు పనులకు నన్ను తీసుకెళ్లకుండా పక్కింటి కుర్రాణ్ణి తీసుకెళ్లాడు. అన్నం పెడుతూ అత్తయ్య "వాడు చిన్నవాడండీ," అంది. "చిన్నవాడే. స్క్రూకేం తెలుసు వాడు చిన్నవాడని?" అన్నాడు. ఆ బడికి మళ్లీ వెళ్లి తన ఖర్చుతో మళ్లీ తీశాడు. అప్పటికి ఒక అబ్బాయి లేడు. తండ్రికి బదిలీ అయి వెళ్లిపోయాడట. వాడి చోటు పక్కవాళ్లు జరిగి నింపేశారు. ఆ గ్రూపు ఫోటో స్టూడియో గోడ మీద ఏళ్ల తరబడి వేలాడింది. చూసినవాళ్లకు అందులో ఎవరో లేనట్టు అనిపించదు. నాకు మాత్రం అటు చూసినప్పుడల్లా వాడే కనిపించేవాడు. వాడి పేరు కూడా నాకు తెలియదు.

మూడో రోజు రాత్రి మావయ్య డార్క్ రూములో లైటు తీసేసి, చీకట్లో కెమెరా నా చేతికిచ్చి బిగించమన్నాడు. కళ్లకు పని లేకపోతే వేలు నేర్చుకుంటుందని ఆయన నమ్మకం. ఆ రాత్రి పాతికసార్లు బిగించి ఉంటాను, పాతికసార్లు విప్పి ఉంటాను. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా 'టిక్' వినకుండా ముందుకు తిప్పలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన రోజు. తెనాలిలో గాలికి చెట్లు పడిపోయాయి, కరెంటు పోయింది. సముద్రం మీదికొచ్చింది అవతల కృష్ణా దాటాక. వేలమంది పోయారని మాకు మెల్లిగా తెలిసింది. రేపల్లె బండిలో వచ్చే మనుషులు చెప్పే మాటలు వినలేక అత్తయ్య లోపలికి వెళ్లిపోయేది.

సంక్రాంతి వెళ్లాక ఒక పెద్దాయన స్టూడియో మెట్ల మీద కూచుని ఉన్నాడు. పులిగడ్డ రేవులో పడవెక్కి, పెనుమూడిలో దిగి, రేపల్లె నుంచి రైలులో వచ్చాడు. అప్పటికి కృష్ణ మీద అక్కడ వంతెన లేదు. ఆయన కొడుకు రేపల్లెలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుకునేవాడట. ఆ శనివారం ఇంటికి వచ్చాడు. ఇల్లే లేకుండా పోయింది. ఇంట్లో ఉన్న బడి గ్రూపు ఫోటో కూడా పోయింది. ఆ ఫోటో తీసింది తెనాలి స్టూడియోవాళ్లని మేనత్త చెప్పిందట. "వాడి మొగం ఉంటదా బాబూ మీకాడ?" అని అడిగాడు.

మావయ్య దగ్గర ప్లేటు పెట్టెలు ఏడాదివారీగా ఉండేవి, పోస్టుకార్డుల్లా నిలువుగా, ఒక్కోదానికి కాగితం కవరు. 1976 పెట్టెలో దొరికింది. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి పెద్దాయన చేతికిచ్చాం. నెగెటివులో తెల్ల చొక్కాలు నల్లగా, నల్లటి జుట్టు తెల్లగా ఉంటాయి. ఆయన చాలాసేపు వెతికాడు. మావయ్య కాగితం మీద ప్రింటు వేసి తెచ్చాక, మూడో వరసలో ఎడమనుంచి నాలుగో మొహం మీద వేలు పెట్టి ఇక తీయలేదు.

ఆ మొహం మినపగింజంత.

దాన్ని గోడకు తగిలించుకునేంత చేయాలి. ఫుల్ ప్లేటు పట్టే ఎన్‌లార్జరు మా దగ్గర లేదు. అందుకని ప్రింటులోని ఆ గింజను మళ్లీ పెద్ద కెమెరాతో దగ్గర నుంచి తీసి, ఆ కొత్త నెగెటివును పెద్దది చేయాలి. దగ్గరగా వెళ్లేకొద్దీ తిత్తిని లాగాలి. అసలుది ఎంతుందో అంతే బొమ్మ ప్లేటు మీద రావాలంటే తిత్తి లెన్సు ఫోకస్ దూరానికి రెట్టింపు సాగాలి, వెలుగు నాలుగు రెట్లు ఇవ్వాలి. మూడింతలు పెద్దది కావాలంటే పదహారు రెట్లు. ఆ రాత్రి తిత్తి చివరిదాకా సాగింది. కెమెరా ముక్కు బరువుతో ముందుకు వాలాలని చూస్తోంది. దాని కింద ఆనుగా అత్తయ్య అప్పడాల కర్ర పెట్టాం. షట్టరు నిమిషాల లెక్కన తెరిచి ఉంచాలి.

"బిగించు," అన్నాడు మావయ్య.

వెనక్కి తిప్పాను. టిక్కుమంది. ముందుకు తిప్పాను. ముందు పలక పట్టుకుని చూశాను, మావయ్య కూడా పట్టుకుని చూశాడు. లైట్లు సర్దాక గూట్లో గ్లాసులు మోగడం మొదలైంది. గూడ్సు. అది పూర్తిగా వెళ్లిపోయే దాకా ఆగాం. చివరి పెట్టె చప్పుడు ఆగాక కూడా మావయ్య వెంటనే మూత తీయలేదు. గ్లాసు మీద వేలు పెట్టి, దాని వణుకు ఆగిందని చూసుకుని తీశాడు.

మొహం వచ్చింది. గరుకుగానే ఉంది, ఇసక చల్లినట్టు. కానీ కళ్లున్నాయి, ఎండకు ఒక కన్ను కాస్త మూసినట్టుంది. నెగెటివులు దిద్దే టచింగ్ మాస్టారు పెన్సిలు చెక్కుకుని కూచుని, కాసేపు చూసి, పెన్సిలు పక్కన పెట్టేశాడు. దీన్ని ముట్టుకుంటే ఇంకెవరో అయిపోతాడు అన్నాడు.

పెద్దాయన వారం తర్వాత వచ్చి చూసి, "ఎడంకన్ను అట్టాగే మూస్తాడు," అన్నాడు. డబ్బులొద్దంటే ఒప్పుకోలేదు. కాగితం ఖర్చు ఇచ్చి, పేపరు చుట్టిన ఫోటోను ఒళ్లో పెట్టుకుని స్టేషనుకు వెళ్లిపోయాడు.

ఆ ప్లేటు 1976లో తీసిన రోజు నాకు బాగా గుర్తుంది. బడి ఆవరణలో విపరీతమైన గాలి. తిత్తి తెరచాపలా గాలి పట్టేది. కుదురు కింద కొక్కేనికి తాడు కట్టి ఇటుకల సంచీ వేలాడదీశాం. స్క్రూ బిగించింది నేనే. ఆ పూట వెంట్రుకవాసి కదిలినా ఆ గింజంత మొహానికి రెండు అంచులొచ్చేవి, కన్ను కన్నుగా మిగిలేది కాదు. చిన్నప్పటి నుంచీ నేను చేసిన పనుల్లో, ఇది సరిగ్గా చేశానని గట్టిగా చెప్పగలిగింది ఆ బిగింపు ఒక్కటే.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. చిన్న కెమెరాలొచ్చాయి, రంగులొచ్చాయి, వీడియోలొచ్చాయి. మావయ్య పాస్‌పోర్టు ఫోటోలతో నెట్టుకొచ్చి మానేశాడు. నేను ఉద్యోగం మీద దూరంగా ఉన్నప్పుడు ఆయన పోయాడు, ఇల్లు అమ్మేశారు. ప్లేట్ల పెట్టెలన్నీ పాత సామాన్ల బండికి తూకానికి వెళ్లాయి. గాజు ప్లేట్లను వేణ్ణీళ్లలో కడిగి, బొమ్మ గీకేసి, ఫోటో ఫ్రేములకు అద్దాలుగా వాడేవారట. నేను వెళ్లేసరికి మిగిలింది స్టాండూ, కుదురూ, ఆ ఇత్తడి స్క్రూ. ఇంగ్లండు కెమెరా ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరినీ తప్పుపట్టలేను. అవి ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన నేను అక్కడ లేను.

అన్ని ప్లేట్లకూ ఈ గతి పట్టలేదు. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయాడు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఆయన గాజు నెగెటివులు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 1989లో ఆ సంస్థ వాటిని తీసుకుంది. రాజుల మొహాలు అలా నిలిచాయి. తెనాలిలో, రేపల్లెలో, ఇంకా మన చిన్న ఊళ్లన్నిటిలో స్టాండు కెమెరాల ముందు నిలబడ్డ వాళ్ల మొహాలు ఏ సంస్థ దగ్గరా ఉన్నట్టు నాకు తెలియదు. ఉంటే పాత స్టూడియోల అటకల మీద ఉంటాయి.

మీ ఊళ్లో అలాంటి స్టూడియో మూసేస్తుంటే, మీ ఇంట్లోనే ఎవరైనా ఫోటోగ్రాఫరు పోయి ఉంటే, ఒక్కసారి వెళ్లి అడగండి. నెగెటివులు దొరికితే తడిగుడ్డ పెట్టి తుడవకండి. అంచులు పట్టుకునే తీయండి, మెరవని వైపు వేలు తగలనివ్వకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి నిలువుగా, చెమ్మ తగలని చోట పెట్టండి. ఏ ఊరు, ఏ బడి, ఏ సంవత్సరమో తెలిస్తే కవరు మీద పెన్సిలుతో రాయండి. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.